బడి గ్రంథాలయం – అల్మారీ తాళం

మన సంఘం వార్షిక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాసి ఇవ్వాలని కార్యవర్గం వారు కోరారు. రాజుల సంగతి, కోటల సంగతి రాయడానికి నాకంటె తగినవారు చాలామంది ఉన్నారు. నేను ఉర్దూ మీడియం బడిపంతుల్ని. నాకు రోజూ కనబడే వస్తువు ఒకటుంది, దాని చరిత్ర రాద్దామనిపించింది. అది బడిలో ఉండే పుస్తకాల అల్మారీ. చూడడానికి ఉత్త ఇనుప డబ్బా. కాని దాని వెనుక నవాబులున్నారు, జమీందార్లున్నారు, కాలువ మీద పడవ ఉంది, ఎడ్లబండి ఉంది, భారత రాష్ట్రపతి ఒకరు కూడా ఉన్నారు. దాని ముందు మాత్రం ఒక తాళం కప్ప ఉంది. ఈ వ్యాసం ఎక్కువగా ఆ తాళం గురించే.

తల్లిదండ్రుల మీటింగు ఎప్పుడు పెట్టినా ఒక మాట తప్పక వినబడుతుంది. "సార్, మా వాడు ఫోను ఇడువడు, కితాబు ముట్టడు" అంటారు. "ఇంట్లో బడి పుస్తకాలు కాకుండా పిల్లవాడు చదువుకోవడానికి ఇంకో పుస్తకం ఏదన్నా ఉందా?" అని నేను అడుగుతాను. చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నాపరాయి గనుల్లో, పాలిష్ మిషన్ల దగ్గర, కంది చేలల్లో రెక్కలు ముక్కలు చేసుకునే ఇండ్లు అవి. అయితే మామిడిపండు మొహం చూడని పిల్లవాణ్ణి పట్టుకొని వీడికి మామిడి ఇష్టం లేదంటే ఎట్లా? ఇష్టం సంగతి తర్వాత. మొదలు పుస్తకం వాడి చేతి దాకా వచ్చిందా లేదా అన్నది చూడాలి. ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. మన ప్రాంతంలో నూట ముప్పై ఏండ్ల నుంచీ దీని మీద పనిచేసినవారు ఉన్నారు.

ముందుగా మన ఊరి తావు ఒకసారి గుర్తు చేసుకుందాం. బషీరాబాద్ ఇప్పుడు వికారాబాదు జిల్లాలో ఉంది. ఈ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు మనం రంగారెడ్డి జిల్లా వాళ్లం, 1978కి ముందు హైద్రాబాదు జిల్లా వాళ్లం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగే దాకా మన తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. సికింద్రాబాదు నుంచి వాడి దాకా నిజాం రైలు దారి 1874లోనే పడింది. అంటే పట్నం పత్రికలు, పుస్తకాలు రావడానికి దారి ఎప్పుడో ఉంది. మన పిల్లలు ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, బజారులో తెలుగు మాట్లాడతారు, నాలుగు మైళ్లు అవతలికి పోతే కన్నడం వింటారు, బడిలో కితాబీ ఉర్దూ చదువుతారు. ఇన్ని భాషలు చెవిన పడే పిల్లలు పెద్ద పట్నాల్లో కూడా తక్కువ. ఇది భాగ్యమా, భారమా అన్నది వాళ్ల చేతికి వచ్చే పుస్తకాన్ని బట్టి ఉంటుందని నా అభిప్రాయం.

హైద్రాబాదు రాజ్యంలో 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. ఆ తర్వాత ఏడేండ్లకు, 1891లో, నవాబు ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ హైద్రాబాదులో కుతుబ్‌ఖానా ఆసఫియా స్థాపించారు. ఆయన సాలార్‌జంగ్ వద్ద పనిచేసినవారు, తర్వాత రాజ్యంలో విద్యాశాఖను నడిపినవారు. అంతకు ముందే, 1888లో, అరబ్బీ ప్రాచీన గ్రంథాలను అచ్చు వేయడానికి దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థను మరికొందరు పెద్దలతో కలిసి మొదలుపెట్టారు. ఆబిడ్స్‌లో మొదలైన ఆసఫియా లైబ్రరీ 1936లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ లోని పెద్ద భవనానికి మారింది. ఇప్పుడు దాన్ని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అంటున్నాం. పట్నం పోయినప్పుడు ఉస్మానియా దవాఖాన చూసి వస్తాం, పక్కనున్న ఈ భవనం లోపలికి మాత్రం పోము. సంఘ సభ్యులు ఒక్కసారైనా పిల్లల్ని తీసుకుపోయి ఆ పెద్ద హాలు, ఆ ఎత్తయిన కప్పు చూపించాలి. పుస్తకాల కోసం మన రాజ్యంలో అంత ఇల్లు కట్టారా అని పిల్లలు నోరు తెరుస్తారు.

ఇది సర్కారు వైపు సంగతి. జనం వైపు నుంచి 1901 సెప్టెంబరు 1న హైద్రాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు దానికి మూలపురుషులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం వారు గ్రంథాలయాల స్థాపన తమ ముఖ్యమైన పనుల్లో ఒకటిగా పెట్టుకున్నారు. ఉర్దూ రాజభాషగా ఉన్న చోట తెలుగు నిలబడాలంటే పుస్తకం ఉండాలి, పుస్తకానికి ఒక గది ఉండాలి అని వారు గ్రహించారు. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజుల్లో తెలుగు ఉన్న స్థితిలో ఇప్పుడు మన ఉర్దూ ఉంది. వాళ్లు ఏం చేశారో మనం పాఠంలా చదువుకోవచ్చు. వాళ్లు అర్జీలు కూడా పెట్టారు, కాని అర్జీ జవాబు వచ్చే దాకా చేతులు కట్టుకొని కూర్చోలేదు.

ఆంధ్ర ప్రాంతంలో అయ్యంకి వెంకట రమణయ్య గారు ఈ పనిని ఉద్యమం చేశారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించారు. ఆయన మాటల్లోకంటె ఆయన వెనుక నడిచినవారి పనుల్లో నాకు ఎక్కువ రుచి కనబడుతుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. ఆ రోజుల్లో కాలువ ప్రయాణం అంటే గంటల తరబడి కూర్చోవడమే. ఊరికే కూర్చునే మనిషి దగ్గరికి పుస్తకాన్ని తీసుకుపోయారన్న మాట. అంతకు నాలుగేండ్ల ముందు, 1931లో, తమిళ దేశంలో మన్నార్‌గుడి దగ్గర ఎడ్లబండి మీద పుస్తకాలు పెట్టుకొని పల్లెలు తిరిగారు. ఇంకా ముందు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి పిలిపించి రాజ్యమంతటా గ్రంథాలయాలు ఏర్పాటు చేయించాడు. అక్కడ చిన్న పల్లెలకు చెక్కపెట్టెల్లో పుస్తకాలు పంపేవారు. కొన్నాళ్లు ఒక ఊళ్లో ఉండి, ఆ పెట్టె తిరిగి పోయేది, ఇంకో పెట్టె వచ్చేది. ఈ పెట్టె సంగతి పాఠకులు కొంచెం గుర్తు పెట్టుకోవాలి, దానితో నాకు పని ఉంది.

పడవ, బండి, పెట్టె అన్నిటిలోనూ ఒకటే సూత్రం. పుస్తకం దగ్గరికి మనిషి రావాలని కూర్చోకుండా మనిషి దగ్గరికే పుస్తకం పోయింది. అయితే ఇవన్నీ ఎక్కువగా పెద్దవాళ్ల కోసం చేసిన ఏర్పాట్లు. పిల్లల సంగతి ఎవరు పట్టించుకున్నారు?

ఉర్దూలో పిల్లల కోసం రాయడం చిన్నతనమని అనుకోని పెద్దలు కొందరు ఉన్నారు. మీరట్‌కు చెందిన మౌల్వీ ఇస్మాయిల్ రాసిన పిల్లల రీడర్లు మన తాతల నాటి బడుల్లో చదివారు. ఆయన బడిపంతులే. లాహోరు నుంచి 'ఫూల్' అనే పిల్లల పత్రిక ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వచ్చింది. 1926లో జామియా మిల్లియా వారు 'పయామె తాలీం' మొదలుపెట్టారు. ఈ పత్రిక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన హైద్రాబాదుకు చుట్టరికం ఉంది.

డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైద్రాబాదులో పుట్టారు. ఆయన తండ్రి ఇక్కడ వకీలు. తండ్రి చిన్నతనంలోనే పోవడం వల్ల చదువు ఉత్తరాదిన సాగింది. 1920లో అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా ఏర్పడినప్పుడు ఆయన విద్యార్థి. తర్వాత జర్మనీ పోయి డాక్టరేట్ తెచ్చుకొని, 1926లో తిరిగి వచ్చి, ఇరవై ఏండ్లకు పైగా ఆ సంస్థకు పెద్దగా ఉన్నారు. జీతాలకు కూడా కటకటగా ఉన్న రోజులవి. అంత చదువుకున్న మనిషి, అంత పని భారంలో, పిల్లల కోసం కథలు రాశారు. రుఖయ్యా రెహానా అనే పేరు పెట్టుకొని రాశారు. ఆయన కథల్లో బాగా ప్రసిద్ధి పొందినది 'అబ్బూఖాన్ కీ బక్రీ'. ఫ్రెంచి రచయిత అల్ఫోన్స్ దోదే కథ దానికి ఆధారం. జాకిర్ సాహెబు దాన్ని అల్మోరా కొండలకు తెచ్చి మన కథ చేసేశారు. 1967లో ఆయన రాష్ట్రపతి అయ్యారు, 1969 మే 3న ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన బొమ్మ మన ఆఫీసుల గోడల మీద చూశాం. ఆయన మేకపిల్ల కథ మాత్రం మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఈ కథ నేను ప్రతి ఏడూ తరగతిలో చదివి వినిపిస్తాను. అబ్బూఖాన్ అనే ముసలాయన మేకల్ని పెంచుతాడు. అవి తాడు తెంపుకొని కొండకు పోతుంటాయి, తోడేలు తినేస్తుంటుంది. చాంద్నీ అనే మేకను ఎంతో ముద్దుగా పెంచినా అదీ పోతుంది. రాత్రంతా తోడేలుతో కొమ్ములతో పోరాడి, తెల్లవారే వేళకు పడిపోతుంది. చెట్టు మీది పక్షులు ఎవరు గెలిచారని వాదులాడుకుంటాయి. తోడేలే అని అన్నీ అంటే, ఒక ముసలి పక్షి చాంద్నీయే గెలిచిందంటుంది. ఇక్కడికి రాగానే నా తరగతి రెండు ముక్కలవుతుంది. "మర్ గయీ తో కైసా జీతీ సర్?" చచ్చిపోయాక ఎట్లా గెలిచినట్టు అని ఒకడు లేస్తాడు. తాడు ఉన్నా సరే ప్రాణం ఉంటే చాలదా అని ఒక పిల్ల అంటుంది. బెల్లు కొట్టినా ఆ వాదం తెగదు. మేకల్ని మేపే ఇండ్ల పిల్లలు వాళ్లు, వాళ్లకు తోడేలు సంగతి తెలుసు, తాడు సంగతీ తెలుసు. ఆ పూట నేను వ్యాకరణం చెప్పలేదు, పదాలకు అర్థాలు రాయించలేదు. మర్నాడు ఇద్దరు ముగ్గురు వచ్చి ఆ కథ పుస్తకం ఇంటికి కావాలంటారు. పిల్లలకు పుస్తకం మీద ఆశ పుట్టించడం ఇంత తేలిక. ఆ పుస్తకం ఇంటికి ఇవ్వగలుగుతామా అన్నదే కష్టం.

ఇక బడి అల్మారీకి వస్తాను. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1952–53లో, డాక్టర్ లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన మాధ్యమిక విద్యా కమిషన్ పనిచేసింది. బడి గ్రంథాలయాల గురించి ఆ కమిషన్ రాసినది చదివితే నిన్న రాసినట్టే ఉంటుంది. చాలా బడుల్లో చెప్పుకోదగిన గ్రంథాలయమే లేదనీ, ఉన్న పుస్తకాలు పాతవనీ, పిల్లల అభిరుచి చూసి కొన్నవి కావనీ, అందవికారమైన ఇరుకు గదిలో అల్మారీల్లో పడి ఉన్నాయనీ, వాటిని చూసుకునేది ఎవరో గుమాస్తా గాని, పుస్తకాల మీద ప్రేమ లేని ఉపాధ్యాయుడు గాని అనీ కమిషన్ తేల్చింది. డెబ్బై ఏండ్లు దాటాయి. కట్టడాలు మారాయి, ఫ్యాన్లు వచ్చాయి. అల్మారీ చాలా చోట్ల అట్లాగే ఉంది.

అట్లాగని ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. హైద్రాబాదు రాష్ట్రంలో 1955లోనే పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దేశంలో మద్రాసు తర్వాత, ఇటువంటి చట్టం తొలిగా చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే చట్టం చేసి, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ పెట్టారు. మన ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కట్టించుకుంటారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అంటే శాఖా గ్రంథాలయంలో మన డబ్బు ఉంది. అక్కడికి పోయి ఉర్దూ పిల్లల పుస్తకాలు తెప్పించండి అని అడిగే హక్కు మనకు ఉంది. అడగనివాడికి అమ్మయినా పెట్టదంటారు కదా.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధనా సామగ్రి అన్నారు. ఆ సామగ్రిలో పిల్లల పుస్తకాలు కూడా ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, అన్ని విషయాల మీద పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలనీ చట్టానికి జోడించిన షెడ్యూలులోనే రాశారు. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకంలో బడి స్థాయిని బట్టి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు పెట్టారు. 2022 ఫిబ్రవరి 5 నుంచి మన రాష్ట్రంలో నూరు రోజులు పిల్లలతో పుస్తకాలు చదివించే కార్యక్రమం నడిపారు. చట్టం ఉంది, గ్రాంటు ఉంది, పుస్తకం కూడా ఎంతో కొంత ఉంది. మరి అడ్డం ఎక్కడ పడింది?

నా ఎరుకలో అడ్డం పడింది తాళం దగ్గర. తాళం వేసే పంతులు దుర్మార్గుడు కాడు, భయస్తుడు. పుస్తకం స్టాకు రిజిష్టరులో ఎక్కి ఉంటుంది. కుర్చీ ఎట్లాగో, గడియారం ఎట్లాగో, పుస్తకం అట్లాగే లెక్కకు రావాలి. బదిలీ అయి పోయేటప్పుడు ఒక్కొక్కటి లెక్కపెట్టి అప్పజెప్పాలి. తక్కువ పడితే ఎవరు కట్టాలి? అందుకని లోపల పెట్టి తాళం వేస్తే నిశ్చింత. నేను పూర్వం పనిచేసిన ఒక బడిలో, ఊరూ పేరూ ఎందుకు లెండి, అల్మారీ ఇన్‌స్పెక్షన్ రోజునే తెరిచేవారు. ఒక ఏడు తెరిస్తే కింది రెండు అరలు చెదలు తినేసి ఉన్నాయి. చెదలు తిన్నందుకు ఎవరినీ ఎవరూ ఏమీ అనలేదు. అదే ఒక పిల్లవాడు ఒక పుస్తకం ఇంట్లో పోగొట్టి ఉంటే ఎంత గొడవ జరిగేదో నాకు తెలుసు. చెదలకు ఉన్న స్వేచ్ఛ పిల్లలకు లేదన్న మాట.

పుస్తకం పోతుందన్న భయం ప్రపంచమంతటా ఉన్నదే. ఐరోపాలో ఒక కాలంలో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసేవారు. ఇంగ్లండులో హెరిఫర్డ్ చర్చిలో అట్లాంటి గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. చేతితో రాసిన పుస్తకం ఒక పొలం ఖరీదు చేసే రోజులు, వాళ్లను తప్పు పట్టలేం. కాని అదే కాలంలో ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. యాఖూత్ అల్ హమవీ అనే భూగోళ పండితుడు పదమూడో శతాబ్దం మొదట్లో, మంగోలుల దాడికి కొంచెం ముందు, మర్వ్ నగరంలో ఉన్నాడు. ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది ఆ చోటు. ఆ ఊళ్లో పది వఖ్ఫు గ్రంథాలయాలు ఉండేవని రాశాడు. తన ఇంట్లో ఎప్పుడు చూసినా ఆ గ్రంథాలయాల పుస్తకాలు రెండు వందలకు పైగా ఉండేవనీ, వాటిలో చాలా వాటికి ఏ పూచీకత్తూ అడగలేదనీ రాశాడు. వాటి విలువ రెండు వందల దీనార్లట. ఆయన పుట్టుకతో గొప్పింటివాడు కూడా కాదు. చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయి బాగ్దాదు చేరినవాడు. అట్లాంటి పరదేశిని నమ్మి పుస్తకాలు ఇంటికి ఇచ్చారు. ఆ పుస్తకాలు చదివి ఆయన దేశదేశాల ఊర్ల మీద తయారుచేసిన నిఘంటువు ఎనిమిది వందల ఏండ్లయినా నిలిచి ఉంది. 1221లో మంగోలులు మర్వ్‌ను నేలమట్టం చేశారు. అరల్లో దాచిన పుస్తకాలు పోయాయి. చదివినవాడి తలలోకి ఎక్కినది మిగిలింది.

పాత కథలు సరే, రూలు ఒప్పుకోవాలి కదా అని మా తోటి ఉపాధ్యాయులు అంటారు. వారి కోసం ఒక రూలు కూడా చెబుతాను. కేంద్ర ప్రభుత్వం వారి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017, 215వ నిబంధన గ్రంథాలయ పుస్తకాల తనిఖీ గురించినది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, చూపిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమే అని అందులో ఉంది. మోసం గాని, నిర్లక్ష్యం గాని ఉండకూడదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం పోయినా, అరుదైన పుస్తకం పోయినా విచారణ తప్పదు. ఇది కేంద్ర కార్యాలయాల కోసం చేసిన నిబంధన, మన బడులకు నేరుగా వర్తించేది కాదు. కాని దాని వెనుక ఉన్న బుద్ధి చూడండి. లెక్క కట్టింది అరలో ఉన్న పుస్తకాల మీద కాదు, చేతికి ఇచ్చిన పుస్తకాల మీద. తరగతిలో 40 మంది పిల్లలున్నారనుకోండి. వారానికి తలా ఒక పుస్తకం చొప్పున 25 వారాలు ఇస్తే వెయ్యి సార్లు ఇచ్చినట్టు. అప్పుడు ఐదు పుస్తకాలు పోయినా ఆ నిబంధన ప్రకారం సహజమే. అల్మారీ తెరవని బడికి మాత్రం ఒక్క పుస్తకం పోయినా సమాధానం లేదు. సర్కారీ భాషలో రాసిన రూల్లో కూడా ఇంత వివేకం ఉంటుందని నాకు ముందు తెలియదు.

మా తరగతిలో శనివారం నాడు పుస్తకాలిస్తాం. రిజిష్టరు రాసేది పిల్లలే. ఇద్దరు పిల్లలు వంతుల వారీగా రాస్తారు, అట్ట చిరిగితే జిగురు పెట్టి అంటిస్తారు. పుస్తకం చదివావా, సారాంశం చెప్పు అని నేను అడగను. అట్లా అడిగితే అది ఇంకో పరీక్ష అవుతుంది, పిల్లవాడు మళ్లీ రాడు. బాగుందా, ఎవరికన్నా చదివి వినిపించావా అని మాత్రం అడుగుతాను. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు వినదగినవి. చదువురాని నానీమాకు మనుమరాలు చదివి వినిపిస్తుంది, ఆమె మధ్యలో ఆపి "అట్లా కాదే, నేను విన్నది ఇట్లా" అని తన కథ చెబుతుంది. పుస్తకం ఒకటే పోయింది ఇంటికి, కథలు రెండు వచ్చాయి బడికి.

భాష సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. మన పిల్లల ఇంటి భాష దక్కనీ. "నక్కో", "హౌ" అనే పిల్లలకు ఢిల్లీ, లక్నో పుస్తకాల్లోని ఉర్దూ మొదట కొంచెం బిర్రుగా ఉంటుంది. కొందరు టీచర్లు దక్కనీ మాట నోట వస్తే చాలు తిడతారు. దక్కనీ తప్పు భాష కాదు, గోల్కొండ, బీజాపూరు దర్బారుల్లో కావ్యాలు రాసిన భాష. హైద్రాబాదులో ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించిన డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ తన జీవితమంతా ఆ దక్కనీ గ్రంథాలు వెలికి తీయడానికే వెచ్చించారు. పిల్లవాడి నాలుక మీద ఉన్న భాషను అవమానించి పుస్తకం మీద ప్రేమ పుట్టించలేం. గట్టిగా చదివి వినిపిస్తే ఇంటి భాషకూ కితాబీ భాషకూ మధ్య వంతెన దానంతట అదే పడుతుంది. తెలుగు కథల పుస్తకాలు కూడా ఆ అల్మారీలోనే ఉండాలని నా పట్టుదల. ఉర్దూ బడిలో తెలుగు పుస్తకమెందుకని ఒకరిద్దరు అన్నారు. గాలిబు గజళ్లను తెలుగు చేసిన దాశరథి, అమ్జద్ రుబాయీలను తెలుగు చేసిన సామల సదాశివ ఈ తెలంగాణా మట్టిలోనే పుట్టారు, వాళ్లను ఉర్దూ ఎందుకని ఎవరూ ఆపలేదు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగేవారికి నాలుగు మాటలు. మన చిన్నప్పటి ఇండ్లలో పేరు వినబడిన 'ఖిలోనా' ఢిల్లీ నుంచి 1948లో మొదలై 1987లో ఆగిపోయింది. 1947 జులైలో పుట్టిన 'చందమామ' కూడా 2010 తర్వాతి ఏండ్లలో ఆగిపోయింది. నెల నెలా ఇంటికి వచ్చే కథ పోయిందంటే పిల్లల చదువు అలవాటుకు ఎంత దెబ్బో ఆలోచించండి. అయినా దారులు పూర్తిగా మూతపడలేదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు వారు నెహ్రూ బాల పుస్తకాలయం అనే వరుసలో బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకు వేశారు, ఒకే పుస్తకం తెలుగులోనూ ఉర్దూలోనూ దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెడితే పిల్లలు రెండు లిపులు పోల్చుకుంటూ చదువుతారు. ఢిల్లీ ఉర్దూ జాతీయ మండలి వారు 2013లో 'బచ్చోంకీ దునియా' అనే మాసపత్రిక మొదలుపెట్టారు. తెలంగాణ ఉర్దూ అకాడమీ కూడా పిల్లల కోసం 'రోషన్ సితారే' వేసింది. పాత సంచికలైనా సరే, పిల్లలకు తారీఖుతో పని లేదు.

ఇప్పుడు ముందు చెప్పిన బరోడా పెట్టె దగ్గరికి వస్తున్నాను. మన సంఘం ఏటా నోటుబుక్కులు, యూనిఫారాలు ఇస్తున్నది, పదో తరగతిలో మార్కులు వచ్చినవాళ్లకు బహుమతులు ఇస్తున్నది. మంచి పనే. ఈ ఏడు దానికి తోడు మూడు పెట్టెలు చేయిద్దామని కార్యవర్గం ముందు ప్రతిపాదన పెట్టాను. ఒక్కో పెట్టెలో ఉర్దూ, తెలుగు కలిపి నలభై కథల పుస్తకాలు. బషీరాబాద్‌లో ఒకటి, చుట్టుపక్కల ఊళ్లలో రెండు. మూడు నెలలకొకసారి పెట్టెలు చోటు మారతాయి, అంటే ఏ ఊరి పిల్లలకైనా ఏడాదిలో నూట ఇరవై పుస్తకాలు చేతికి వస్తాయి. ఆటోలో పట్టే సైజు ఉండాలి, ఇద్దరు పిల్లలు చెరో పక్క పట్టుకొని మోయగలిగేటంత బరువుండాలి. మూత లోపలి వైపు పుస్తకాల పేర్ల పట్టీ అంటించాలి, దారం కట్టిన పెన్సిలు, వంద పేజీల నోటుబుక్కు అందులోనే ఉండాలి. నష్టం కింద పెట్టెకు రెండు పుస్తకాల ధర ముందే ఖర్చు రాసుకోవాలి. తాండూరులో వడ్రంగి వేపచెక్కతో చేస్తానని ధర చెప్పాడు. తాళానికి కొండి పెట్టాలా అని అడిగాడు. చెదలు పట్టకుండా అడుగున వార్నీషు రెండు పూతలు వెయ్యి, కొండి వద్దు అని చెప్పి వచ్చాను.